సారు హాయిగా పోయినారు

ఆ ఆదివారం ఉదయం శశిభూషణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఒక ఫోటో దిగాలి, గుంటూరు వెళ్లి ఒక సైకిలు ఎంచుకోవాలి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాలి. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదు. చిలకలూరిపేటలో ఇంతకంటే నిరపాయమైన ఆదివారాన్ని ఊహించడం కష్టం.

ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. అరవై దాటినా ఓనరు ఆయన్ని వదల్లేదు, ఆయనా వదిలించుకోలేదు. భార్య రాజ్యం పోయాక తెల్లవారుజాములు మరీ పొడుగైపోయాయి. ఆ పొడుగును ఎలాగో ఒకలాగ ఖర్చు చేయాలని సైకిలెక్కడం మొదలుపెట్టారు. ఇంటి దగ్గర్నుంచి పర్చూరు దాకా, మళ్లీ వెనక్కి. మంచు తడికి కల్లాల్లోని మిరప ఘాటు అణిగి ఉండేది. ఎదురొచ్చే పాల వ్యాను దీపాలు తగ్గించి దారి ఇచ్చేది. తీసేసిన పత్తి చేలో మిగిలిన ఒకటీ అరా దూది పువ్వు, ఎవరో తన కోసమే దీపం ఆర్పకుండా ఉంచినట్టు కనిపించేది. రోజు గడవడానికి ఆయనకు అంతమాత్రం దయ చాలు.

ఒక్క కోరిక మాత్రం మిగిలిపోయింది. ఆ రోడ్డు పర్చూరులో ఆగదు. చీరాల మీదుగా వాడరేవు వెళ్లి సముద్రం దగ్గర ఆగుతుంది. ఆ సంగతి తెలిసీ రోజూ సగంలో వెనక్కి తిరగడం, మంచి కల మధ్యలో లేచి తలుపు తీయాల్సి వచ్చినట్టు ఉండేది. అడ్డు రెండు. ఒకటి, ఉన్న స్టీలు సైకిలు. అది మిర్చి టిక్కీ బస్తా అంత బరువు. రోడ్డులోని ప్రతి గతుకునూ నడుముకు అప్పజెబుతుంది, నడుము మెడకు అప్పజెబుతుంది. రెండోది అక్కయ్య కనకలక్ష్మి. వినుకొండలో ఉంటుంది. చిన్నప్పుడు తమ్ముడికి అన్నం కలిపి పెట్టి పెంచిన మనిషి. కిందటేడు తమ్ముడు కంకర మీద జారి మోచెయ్యి గీరుకుంటే వచ్చి, పర్చూరు దాటి సైకిలు తొక్కనని మాట తీసుకుంది. ఆయన ఆ మాట ఇంతవరకూ తప్పలేదు. గుంటూరు పూర్తిగా వేరే దిక్కున ఉంది కనుక ఈ ఆదివారం కూడా తప్పినట్టు కాదని ఆయన వాదన. వాదించింది తనతో తనే కాబట్టి సులభంగానే గెలిచారు.

గుంటూరులో సైకిళ్ల షాపు పెట్టుకున్న సాదిక్ దగ్గరికి దూరాలు తొక్కేవాళ్ల కోసం కార్బన్ సైకిళ్లు రెండు వచ్చాయి. సాయంత్రం ఇంకో గిరాకీ వస్తాడట. ఆ లోపల తేల్చుకోవాలి. వచ్చేలోగా సైజు అంచనా వేసి ఉంచడానికి పక్కకు తిరిగి నిలబడ్డ ఫోటో ఒకటి పంపమన్నాడు.

వంటగదిలో పిచ్చమ్మ మిక్సీ ఆపేసరికి శశిభూషణ్ ఫోనులో మాట్లాడుతున్నారు. రాజ్యం ఉన్న రోజుల నుంచీ ఆ ఇంట్లో పనిచేస్తున్న పిచ్చమ్మకు చెవులు వాడుకోవడంలో మొహమాటం లేదు.

"నొప్పి నడుములో మొదలై మెడదాకా పాకుతోంది సాదిక్. ఉన్నదాంతో ఇంక ఎక్కువ దూరం రాలేను... ఏంటీ, సాయంత్రం దాకానేనా టైము?... సరేలే, ఎప్పటికైనా తప్పదుగా. ఫ్రేము నల్లదైనా పర్లేదు... ఫోటోనా? ఇప్పుడే దిగి పంపిస్తా."

పిచ్చమ్మ చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఉండిపోయింది. ఆయన స్టీలు సైకిలు గేటు దాటిస్తూ వెనక్కి తిరిగారు.

"పిచ్చమ్మా, గుంటూరు వెళ్తున్నా. సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేలిపోతుంది. అక్కయ్యకి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు."

"ఏంది సారూ తేలేది?"

"వచ్చాక చెప్తాలే. అంతా బాగా జరిగితే నాకిది కొత్త జన్మే అనుకో," అని నవ్వి సైకిలెక్కారు.

వీధి చివర వీరబాబు ఫోటో స్టూడియో. ఫోటోలు దిగేవాళ్లు తగ్గిపోయాక అందులోనే ఫ్లెక్సీలు కొట్టే మిషను కూడా పెట్టాడు. రాజ్యం ఫోటోకి ఫ్రేము కట్టింది అతనే.

"నిలువెత్తు ఫోటో ఒకటి తియ్యాలి వీరబాబూ. ఫ్రేము కోసం."

"ఎవరిది సార్?"

"నాదే. దూర ప్రయాణం పెట్టుకున్నాను. ఇవాళే కావాలి."

వీరబాబు గోడ మీది ఫ్రేముల వంక చూశాడు. "అమ్మగారిది తేకు చెక్క ఫ్రేము సార్. మీకూ అదే..."

"చెక్కేంటయ్యా, ఈ రోజుల్లో!" అని శశిభూషణ్ నవ్వారు. "నాది కార్బన్. గాలిలాగా తేలిపోతుందట."

ఆయన పక్కకు తిరిగి, చేతులు కిందికి వదిలి, ఎటో వెళ్లిపోబోతున్న మనిషిలాగా నిలబడ్డారు. కెమెరా వైపు చూసే ధైర్యం లేదు కాబోలు అనుకున్నాడు వీరబాబు. ఫోటో సార్ ఫోనుకి పంపాడు. ఎంతైందని అడిగితే మాత్రం తల వంచుకున్నాడు. "ఇప్పుడేం తొందర సార్. తర్వాత మీవాళ్ల దగ్గర తీసుకుంటాలెండి."

ఎంత మంచివాడు, అనుకుంటూ శశిభూషణ్ హైవే పక్క దారి పట్టారు.

ఆయన యడ్లపాడు దాటేలోగా వీరబాబు పిచ్చమ్మను పలకరించాడు. ఆయన ప్రత్తిపాడు దాపులకు వచ్చేసరికి పిచ్చమ్మ వినుకొండకు ఫోను చేసింది. చెప్పొద్దన్నారు కనుక చెప్పలేదు. "అమ్మగారూ, నేనేం చెప్పలేదనుకోండి. సారు ఫోటో దిగారు. ఫ్రేముకంట," అని ఏడ్చింది, అంతే. కనకలక్ష్మి వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. సైకిలు మీదున్న తమ్ముడు ఎత్తలేదు. ఆవిడ పొయ్యి మీది పప్పు దించి బస్సెక్కింది.

కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు మోసే ముఠాకి దానయ్య మేస్త్రి. వార్త వినగానే మోత ఆపించాడు. గేటు ముందు మిర్చి లారీలు వరస కట్టాయి. దానయ్య మాత్రం తిన్నగా వీరబాబు దగ్గరికి వచ్చాడు.

"సార్ ఫోటో నీకాడ ఉందంటగా. పెద్ద ఫ్లెక్సీ కొట్టు. కన్నీటి నివాళి అని రాయి."

"ఇంకా ఉన్నారు కదా మేస్త్రీ!"

"సాయంత్రం దాకేగా టైమిచ్చింది. అసలే పెళ్లిళ్ల సీజను. అప్పటికి నీ మిషను ఖాళీ ఉంటదో లేదో."

"మనిషుండగా కొడితే బాగోదయ్యా."

దానయ్య కళ్లు తుడుచుకుని ఆలోచించాడు. "అయితే రెండు కొట్టు. ఒకటి కన్నీటి నివాళి, ఒకటి త్వరగా కోలుకోవాలి. ఏది అవసరమైతే అది కడతాం."

"నివాళి మీద తేదీ?"

"ఖాళీ ఉంచు."

గుంటూరులో శశిభూషణ్ రెండు సైకిళ్ల మధ్య నిలబడి ఈ లోకాన్ని మర్చిపోయి ఉన్నారు. మొదటిది ఎర్రది, రేసు రకం. దాని మీద వంగి కూర్చుంటే తన ముందు చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. అది మాత్రం చాలా వేగంగా కనిపిస్తుందని సాదిక్ చెప్పాడు. రెండోదానికి తడిసిన రేగడి రంగు. హ్యాండిలు కాస్త ఎత్తు, టైర్లు కాస్త లావు, ఎగువ దారుల్లో కాలికి సాయం చేసే పెద్ద పళ్లచక్రం వెనక.

"ఎర్రదాని మీద ముందు పోవచ్చు సార్," అన్నాడు సాదిక్. "దీని మీద దూరం పోవచ్చు. మీకేం కావాల్నో మీరే చెప్పల్ల."

రాజ్యం చీర ఎంచుకునేటప్పుడు రంగు చూసేది కాదు. అంచును రెండు వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకునేది. శశిభూషణ్ కూడా కళ్లు మూసుకుని ఫ్రేముని గోటితో మెల్లగా కొట్టారు. ఖంగుమనలేదు. ఎండిన సొరబుర్రను తట్టినట్టు లోతుగా, మెత్తగా పలికింది. రెండు వేళ్లతో ఎత్తితే లేచింది. ఎక్కి కూర్చుంటే ఎదురుగా వీధి, వీధి చివర ఆకాశం కనిపించాయి.

"ఇదే," అన్నారు.

సాదిక్ కొలతలు తీసి సీటు సర్ది, ఆయన కాళ్లకు బూట్లు తొడిగి, పట్టుకుని మరీ ఎక్కించాడు. పాత సైకిలు తనే ఉంచుకుంటానన్నాడు. శశిభూషణ్ వీధి మలుపు తిరిగి చాలాసేపయ్యాక కౌంటరు మీద ఛార్జింగుకి పెట్టిన ఆయన ఫోను మోగింది. స్క్రీను మీద 'అక్కయ్య' అని ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. సాదిక్‌ది నంద్యాల వైపు. అక్కడ మనుషులు బడికి పోతారు, పెళ్లికి పోతారు, సినిమాకి పోయి తిరిగొస్తారు. గుంటూరు వైపు మర్యాదగల మనిషి ఎక్కడికైనా వెళ్తాడు. పోవడం మాత్రం ఒక్కసారే.

తమ్ముడి వసారాలో కనకలక్ష్మి కూర్చుని ఉంది. చుట్టూ పిచ్చమ్మ, వీరబాబు, దానయ్య ముఠా. ఫోను స్పీకరులో ఉంది.

"సారు లేరమ్మా. పోయినారు," అన్నాడు సాదిక్.

వసారాలో అందరూ ఫోను మీదికి వంగారు.

"ఎప్పుడు నాయనా?" అంది కనకలక్ష్మి.

"ఇప్పుడే, అర్ధగంట అయింటాది."

"దగ్గర ఎవరూ లేరా?"

"నేను ఉన్న్యా కదమ్మా. నేనే పట్టుకోని ఎక్కిస్తి."

"బాధపడ్డాడా?"

"లేదమ్మా! శానా హాయిగా పోయినారు. పొద్దున వచ్చినప్పుడు నడుం నొప్పి, మెడ నొప్పి అని ఒగటే ఇది. పోయేటప్పుడు ఏ నొప్పీ లేదు. నవ్వుకుంటా పోయినారు. పాతదాన్ని ఈడనే వదిలేసినారు. ఫ్రేము కూడా బాగా కుదిరింది."

"నేనింకా కట్టనేలేదే!" అని వీరబాబు గొణిగాడు. గుంటూరోళ్లు అంత త్వరగా ఎలా కట్టారో అతనికి అర్థం కాలేదు.

"ఇంటికి..." అని కనకలక్ష్మి ఆగిపోయింది.

"పొద్దు గూకేలోగా ఇంటికి చేరుతారమ్మా. బూట్లు ఇచ్చి పంపించినా. చెప్పులు, ఫోను నా దగ్గర ఉండాయి. రేపు ఎవురికన్నా ఇచ్చి పంపిస్తా."

"నీ కడుపు చల్లగుండ బాబూ. కన్నకొడుకులాగా చూశావు."

సాదిక్ ఫోను మళ్లీ ఛార్జింగుకి పెట్టాడు. సైకిలు కొన్నవాళ్ల ఇంట్లోంచి ఇంత మర్యాద అతనికి ఎప్పుడూ అందలేదు. సాధారణంగా తిట్లే వస్తాయి.

ఆ తర్వాత పనులు వాటంతటవే జరిగాయి. షామియానా లేచింది. కుర్చీలు వచ్చాయి. కోల్డ్ స్టోరేజీ ఓనరు కారు దిగి షామియానా గుంజను పట్టుకుని నిలబడ్డాడు. ఐసు పెట్టె ఊళ్లో ఎక్కడా ఖాళీ లేదని కబురొచ్చింది.

"ఐసు పెట్టె ఎందుకమ్మా, మన కోల్డ్ స్టోరేజీ ఉండగా," అన్నాడు దానయ్య వినయంగా.

కనకలక్ష్మి ఏడుపు ఠక్కున ఆగింది. "మా తమ్ముణ్ణి మిరపకాయల మధ్య పెడతావుట్రా?"

"ఆయన చేతుల మీద నడిచిన గోడౌనే గదమ్మా. రెండేళ్లైనా కాయ చెక్కుచెదరదు. రంగు కూడా మారదు."

"పోరా అవతలికి!"

ఈ లోపల శశిభూషణ్ ఎన్నడూ లేనంత నిమ్మళంగా వస్తున్నారు. జేబు తడుముకుని ఫోను లేదని తెలుసుకున్నప్పుడు కూడా ఆయన ఆగలేదు. తననెవరూ పిలవలేరనే సంగతి వీపు మీంచి ఎవరో మూట దించినట్టు అనిపించింది. గతుకులు ఉన్నాయి, కానీ ఫ్రేము వాటిని ఎక్కడో దారిలోనే సర్దిచెప్పి పంపేస్తోంది. నడుముకి కబురు అందడం లేదు. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల నిండా మిరపకాయలు, సాయంత్రం ఎండ వాటి మీద పడి భూమి లోపల్నుంచి వెలుగుతున్నట్టుంది. కాయలు ఏరుతున్న ఒకావిడ చెంబు చూపించి, "నీళ్లు తాగుతావా అయ్యా?" అని కేకేసింది. ఆగి తాగారు. మిరప ధూళికి తుమ్ములొస్తాయని ఆవిడే తన తువ్వాలు ఇచ్చి ముక్కుకి కట్టుకోమంది. గాలి వెనకనుంచి వీస్తోంది. తొక్కుతున్నది తనో, గాలో, లేక పక్కన ఎవరైనా ఉండి కాస్త సాయం పడుతున్నారో ఆయనకు తేలలేదు. తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంటి వీధిలో జనం కనిపించారు. షామియానా లేచి ఉంది. పక్కింటి ముసలాయన కాబోలు, పాపం. సైకిలు దిగి, జనం వెనకగా వచ్చి తల వంచుకుని నిలబడ్డారు. నెత్తిన హెల్మెట్టు, కళ్లకు నల్లద్దాలు, ముక్కుకు తువ్వాలు.

"ఓయ్ సైకిలు బాబూ, ఆ పక్కకి జరుగు," అన్నాడు ఫ్లెక్సీ తాడు పట్టుకున్న దానయ్య. "సార్ వచ్చే టైమైంది."

"ఏ సారు?"

"మా శశిభూషణ్ సారు. పోయారు."

పొద్దుటి నుంచీ సాదిక్ మాటలు విన్న చెవులు కదా. "ఎక్కడికి?" అని అడిగారు.

"ఎక్కడికేందయ్యా, అందరూ వెళ్లేకాడికే!"

ఆయన తలెత్తి చూశారు. ఫ్లెక్సీ మీద తానే ఉన్నారు, పక్కకు తిరిగి, ఎటో వెళ్లిపోబోతూ. కింద కన్నీటి నివాళి. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం పాటు ఆ సంగతి నమ్మారు కూడా. అంత హాయిగా ప్రయాణం చేసి వచ్చారు మరి.

"అసుమంటి మనిషి మళ్లీ రాడు," దానయ్య తాడు లాగి పట్టుకుని అన్నాడు. "మే నెలలో బయట నిప్పులు కురుస్తుంటే మమ్మల్ని గోడౌను లోపల చల్లగా కూర్చోబెట్టేవోడు. గంటసేపు. ఓనరుకి తెలీకుండా."

"ఆ సంగతి ఇక్కడెందుకు దానయ్యా! ఓనరు నీ వెనకే ఉన్నారు," అన్నారు శశిభూషణ్ గాభరాగా.

దానయ్య చేతిలో తాడు జారింది. ఫ్లెక్సీ ఓనరు మీద పడింది. పిచ్చమ్మ కెవ్వున కేక పెట్టింది. శశిభూషణ్ తువ్వాలు తీసి, అద్దాలు తీసి, హెల్మెట్టు తీశారు. చావు ముఖం కాదది, ఎండకు కమిలి ఎర్రగా, సిగ్గుగా ఉన్న ముఖం.

కనకలక్ష్మి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ముందు రెండు చేతులతో తమ్ముడి బుగ్గలు తడిమింది. వెచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత భుజం మీద ఒక్కటి వేసింది.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపూ!"

"సైకిలు కొనుక్కుని వస్తున్నా అక్కయ్యా."

"ఫ్రేమన్నావుట!"

"సైకిలుదే అక్కయ్యా, ఇదిగో."

అందరూ వంగి చూశారు. ఇంత నలుపు, ఇంత సన్నం, ఇంతమందిని ఏడిపించింది ఇదా అన్నట్టు చూశారు. దానయ్య ఒక వేలితో ఎత్తి చూసి దించాడు. ఏడ్చినవాళ్లలో కొందరి ముఖాల్లో, తమ కన్నీళ్లు వాపసు ఎవరిస్తారన్న కోపం మొదలైంది. ఓనరు ఫ్లెక్సీ కిందనుంచి బయటికి వచ్చి, మే నెల సంగతి సోమవారం మాట్లాడుకుందామన్నాడు. వీరబాబు ఎందుకైనా మంచిదని 'త్వరగా కోలుకోవాలి' ఫ్లెక్సీ కట్టేశాడు.

"రేపే ఆ సైకిలు వెనక్కి పంపు," అంది కనకలక్ష్మి.

శశిభూషణ్ హ్యాండిలు మీది చెయ్యి తీసి మళ్లీ పెట్టారు. ఆ చెయ్యి వంకే ఆవిడ కాసేపు చూసింది.

"నవ్వుకుంటూ బయల్దేరావుట కదా. ఆ అబ్బాయి చెప్పాడు. నిజమేనా?"

"ఏమో అక్కయ్యా. నాకు తెలీలేదు."

రాజ్యం పోయాక తమ్ముడు తనంతట తను నవ్వాడని ఎవరైనా చెప్పడం ఆవిడ వినలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. అది ఏడుపు కోసమో, చెమట కోసమో చూసినవాళ్లకు తెలియదు. వినుకొండలో ముప్పై ఏళ్లు పురోహితుడి భార్యగా బతికిన మనిషి. గొంతు సవరించుకుని తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"బతికున్నవాడి కోసం ఏడ్చాం. అది దోషం. ఏడ్చినవాళ్లూ, ఏడిపించినవాడూ రేపు పొద్దున్నే సముద్ర స్నానం చేయాలి."

శశిభూషణ్ ఒకడుగు ముందుకు వేశారు. "ఏ సముద్రం అక్కయ్యా?"

"మనకి ఎన్ని సముద్రాలున్నాయిరా? వాడరేవే."

"అది పర్చూరు అవతల కదా."

"నాకు తెలీదూ?"

"దాటనని నీకు మాటిచ్చాను."

కనకలక్ష్మి షామియానా వంక, కుర్చీల వంక, ఓనరు కాళ్ల దగ్గర పడున్న ఫ్లెక్సీ వంక చూసింది. "ఆ మాటిచ్చినవాడు ఇవాళ మధ్యాహ్నం పోయాడు. నేను ఏడ్చాను కూడా. ఇంక ఆ మాటేం చెల్లుతుంది?"

మర్నాడు తెల్లారకముందే ముఠా అంతా ఖాళీ మిర్చి లారీ ఎక్కింది. కనకలక్ష్మి ముందు సీట్లో, డ్రైవరు పక్కన, ఒడిలో పసుపు కుంకుమల డబ్బాతో కూర్చుంది. ముందు సైకిలు, వెనక తమ్ముడికి దీపం చూపిస్తూ లారీ. పర్చూరు వచ్చింది. శశిభూషణ్ కాళ్లు అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగబోయాయి. రోడ్డు మాత్రం ఆగలేదు, మంచులోకి సాగిపోయింది. ఆయనా దాని వెంట సాగిపోయారు. చీరాల దాటాక గాలిలో ఉప్పు తగిలింది. మంచు తూర్పు వైపు గులాబీ రంగుకు తిరుగుతోంది. సరుగుడు తోపుల వెనక నుంచి ఏదో పెద్దది ఊపిరి పీల్చి వదులుతున్న చప్పుడు వినబడింది. ఆయన తొక్కడం దాదాపు మానేసి, ఆ చప్పుడు వైపు వాలిపోయినట్టు వెళ్తున్నారు.

వెనక నుంచి లారీ హారను మోగింది. కిటికీలోంచి కనకలక్ష్మి తల బయటికి వచ్చింది.

"కాస్త గట్టిగా తొక్కరా, ఎండెక్కుతోంది!"